ముంజేతి మీద మంచు అడవి

రా, షమామా, నా చలికాలపు అత్తరూ. గాజు బుడ్డి గొంతు దాటి, గాజు పుల్ల కొసన తేనెరంగు ముత్యమై ఒక్క క్షణం తూగి, నా ఎడమ ముంజేతి మీదికి జారి రా. నాడి పైకి తేలి కొట్టుకునే ఆ కాస్త చోటే నీకు గర్భగుడి, ఆ చోటి వెచ్చదనమే నీకు అఖండదీపం. నిన్ను గాలిలోకి చిమ్మే పని లేదు, గదంతా చాటే పని లేదు. బొట్టు పెట్టినట్టు తాకిస్తే చాలు, మిగతా పూజంతా నువ్వే చేసుకుంటావు, మిగతా ప్రసాదమంతా నువ్వే పంచుతావు. వేసవికి వట్టివేరు ఉంది, తొలకరికి మట్టి అత్తరు ఉంది, పెళ్ళిపందిరికి గులాబి ఉంది, మల్లె ఉంది. చలికి మాత్రం నువ్వే. ఒళ్ళు ముడుచుకునే రుతువులో ఒళ్ళు విప్పుకునేదానివి, పువ్వులు తలలు వంచుకునే వేళ వేళ్ళనూ బెరళ్ళనూ గింజలనూ చెక్కలనూ వెంటబెట్టుకుని వచ్చేదానివి. పూలది పొద్దున పూచి సాయంత్రానికి వాడే సొగసు. నీది చెట్టు పోయినా పోని చేవ.

మొదటి శ్వాసలో నువ్వు పదునువి. లవంగం మొన, ఏలకి చురుకు, జునిపర్ కాయల పచ్చిచేదు, వాటి వెనకే ముక్కుపుటాలను జివ్వున లాగే చల్లదనం. మంచు కురిసే ఊరి నుంచి అప్పుడే దిగినవాళ్ళ కంబళిలో మొహం దాచుకున్నట్టు ఉంటుంది. ఆ క్షణాన నా కిటికీ అవతల మా పెన్న ఒడ్డు కోవూరు ఉండదు, బజారు ఉండదు, హైవే మీద లారీల హోరు ఉండదు. నా పాదం ఎరగని కొండలు లేస్తాయి, నా కన్ను చూడని లోయలు తెరుచుకుంటాయి, నల్లగా నిలబడ్డ దేవదారుల భుజాల మీద నుంచి తెల్లగా మంచు జారిపడుతుంది. హిమాలయాల్లో మూడు వేల మీటర్లు దాటి పైకి పోతే గానీ దొరకని జటామాంసి, రాతిసందులో వేరు బిగించి గాలితో పోట్లాడి పెరిగిన ఆ పొట్టి మొక్క, తన కొండంత మొండితనాన్నీ నీ చుక్కలో దాచి నా చేతికి పంపింది. ఏమిచ్చి తీర్చుకోను? నా దగ్గర ఉన్నదల్లా ఒంటి వేడి. అదే తీసుకో. నీకు కావలసిందీ అదేనని ఆలస్యంగా తెలుస్తుంది ఎవరికైనా.

ఎందుకంటే మాకు చలి ఎక్కడిది, తల్లీ! డిసెంబరు రాత్రుల్లో కూడా ఇరవై డిగ్రీల దగ్గరే తచ్చాడే ఊరు మాది. ఉలెన్ స్వెట్టరు వేసుకున్నవాడికి గంటలో చెమట పట్టే చలి మాది. మా చలికాలం నీళ్ళ కాలం. దేశమంతా వానలు వెనక్కి మళ్ళాక మాకు ఈశాన్యం నుంచి మబ్బు లేస్తుంది, కార్తీకం కడుపుతో వస్తుంది, బంగాళాఖాతం బుసకొడుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసుకుని పోయిన వారం, చలి అంటే మాకు తడి గోడ, తడి బియ్యం, తడి పరుపు. ఆ నీరు తగ్గి, బురద ఆరి, మార్గశిరం కాలు పెట్టాకే మా రుతువుకి మొహం తెలివి వస్తుంది. అప్పుడు చూడాలి మా ఊరిని! దమ్ము చేసిన మళ్ళలో నాట్లు పడుతుంటాయి. ఒకప్పుడు మొలగొలుకుల వరి ఏలిన మాగాణి అది. మోకాలి దాకా అడుసు, నడుము దాకా పొగమంచు, మంచులోంచి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్న నడుములు వరసగా వంగి లేస్తుంటే నేల తానే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. పెన్న అవతలి ఒడ్డున రంగనాయకుల గాలిగోపురం ధనుర్మాసపు తెలిమంచులో సగం కరిగి, సగం మిగిలి, ఇసుకకూ ఆకాశానికీ మధ్య తేలుతుంది. ఆ మంచులోకి, షమామా, నువ్వు నా ముంజేతి మీద ఎక్కి వెళతావు. ఊళ్ళో లేని అడవిని ఊళ్ళోకి తీసుకెళతావు. ఆ గాలిలో తేమ ఉంది చూశావూ, అదే నీ పల్లకి. పొడిగాలిలో మొహం చిట్లించే నువ్వు మా తడిగాలిలో మూరలకొద్దీ పైట జారుస్తావు.

నువ్వు పుట్టింది మాత్రం గంగ పక్కన, కన్నౌజులో. ఒకనాడు హర్షుడి రాజధాని, ఇప్పటికీ అత్తర్ల రాజధాని. బట్టీ మీద రాగి డేగ్, కడుపు ఉబ్బిన పెద్ద రాగి అండా. దాని నోట్లో నీళ్ళూ మూలికలూ పోసి, మూత వేసి, మూత అంచుకి దూదీ బంకమన్నూ కలిపిన ముద్దను వేలితో నొక్కి నొక్కి మెత్తుతారు. ఆవిరి దారం పోగంత సందు కనిపించినా పారిపోతుంది కదా! మూత పక్కన బొక్కలోంచి చోంగా దిగుతుంది, నులక తాడు బిగించి చుట్టిన వెదురు గొట్టం. దాని రెండో కొస నీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగిన రాగి కూజా, భప్కా గొంతులోకి. ఆ భప్కాలో ముందే పోసి ఉంచిన చందన తైలం, కన్యను వరించడానికి చీకట్లో కూర్చున్న వరుడిలా కదలక మెదలక ఎదురుచూస్తుంటుంది. కింద కట్టెలు, పిడకలు. మంట పెరిగిందా తగ్గిందా అని చెప్పే మీటరు లేదు, ముల్లు లేదు. అరచెయ్యి భప్కా మీద వేసి చూస్తాడు పనివాడు, చెవి డేగ్ దగ్గర పెట్టి వింటాడు. వేడి ఎక్కువైతే తడిగుడ్డతో రాగి ఒళ్ళు తుడుస్తాడు, జ్వరం వచ్చిన బిడ్డకి తల్లి తుడిచినట్టు. లోపల మూలికలు కుతకుతలాడతాయి, కన్నీరు పెడతాయి, ఆవిరై వెదురులోంచి పాకి, చల్లబడి, చందనం ఒడిలో చుక్క చుక్కగా సొమ్మసిల్లుతాయి. మర్నాడు నీరు వంచేసి, అదే చందనంలోకి మళ్ళీ కొత్త మూలికల ఆవిరి. ఆ మర్నాడు మళ్ళీ. ఏ మూలిక ముందు, ఏది వెనక, ఏది ఎంత అన్నది ఇంటి గుట్టు, తండ్రి చెప్పి కొడుకు విన్న గుట్టు. వరాహమిహిరుడంతటివాడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే రాసిపెట్టిన దేశంలో కూడా నీ పాకం మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. చివరికి తోలు కుప్పెల్లోకి దించుతారు. తోలు రంధ్రాల్లోంచి మిగిలిన తడి ఆరిపోతుంది, నువ్వు చిక్కబడతావు, నలుపెక్కుతావు, మౌనం నేర్చుకుంటావు.

ఇన్ని మంటల మీద పండి, చలికాలపు అత్తరు అనిపించుకున్నావే! నిప్పు కన్నతల్లి, చలి పెంపుడుతల్లి. ఇద్దరినీ నొప్పించకుండా ఒక్క బొట్టులో కాపురం ఉంటావు.

కాస్త సేపు గడవనీ. పదును మెత్తబడుతుంది, మంచు కరుగుతుంది, అడవి అడుగు కనబడుతుంది. తడిసిన బెరడు, బెరడు మీద నాచు, నాచు మీద రాలిన ఆకు, ఆకు కింద పుట్టగొడుగు పొడుచుకొచ్చే చీకటి మన్ను. ఇది నీ నడివయసు, నాకు అన్నిటికన్నా ప్రాణమైన వయసు. జాజికాయ జోకొడుతుంది, జాపత్రి జడ విప్పుతుంది, కుంకుమపువ్వు మూల నిలబడి ఒక్కసారి నవ్వి దాక్కుంటుంది, పచ్చాకు పాత భోషాణం మూత తెరిచినట్టు గుప్పుమంటుంది. వాటి మధ్య ఒక పొడిపొడి చేదు, రాయికీ వానకీ పుట్టిన వాసన. రాతిపువ్వు అది. పువ్వు కాని పువ్వు, కొండబండలకీ ముదురు చెట్లకీ పట్టే పాచి లాంటి జీవి. బిరియానీ మసాలాలో దాన్ని నలిపి వేసే చేతులు నెల్లూరు జిల్లాలో ఎన్ని లేవు! వంటింటి డబ్బాలో ఊరకే కూర్చున్నప్పుడు దానికి నోరు లేదు. నీ సావాసంలో దానికి వయసొచ్చింది, వాక్కొచ్చింది, వేయి చెట్ల ఒంటి మీద తాను కాపలా కాసిన రాత్రుల్ని పేరుపేరునా చెబుతుంది.

ఇంకొకటుంది, చెబితే మా రైతులు నవ్విపోతారు. తుంగ! కాలవ గట్టున మొలిచి, మడిలో చొరబడి, పీకినకొద్దీ గడ్డ మిగుల్చుకుని మళ్ళీ లేచే తుంగ. దాన్ని తిట్టని నోరు మా మాగాణిలో లేదు, దానితో నడుము నొప్పి పుట్టని కూలీ లేదు. ఆ జాతి గడ్డలే, తుంగముస్తలు, నీ కొలువులో పీట వేయించుకుని కూర్చున్నాయి. ఎండిన ఆ నల్లగడ్డను రాతి మీద చితక్కొట్టి వాసన చూడండి. పొగచూరిన దూలం, తడిమట్టి, ఎక్కడో చందనపు జాడ, అన్నీ గోరంత గడ్డలో. కలుపని గట్టున పారేసినదాన్ని కన్నౌజు రాగి అండా కిరీటం పెట్టి కూర్చోబెట్టింది. షమామా, నీ దగ్గర నాకు నచ్చే గుణాల్లో ఇది మొదటిది. హిమాలయపు జటామాంసికీ మడిగట్టు తుంగకూ నీ పంక్తిలో ఒకే విస్తరి.

నీ చుక్కలో సముద్రం కూడా ఉంది. లవంగం మొదట మొలక లేచింది తూర్పు దీవుల్లో, మలుకుల్లో. జాజికాయది ఆ దీవుల పక్కనే బందా. అక్కణ్ణుంచి గాలివాటం పట్టి ఓడలెక్కి వచ్చిన సువాసనలకు మా తీరం కొత్తది కాదు. ఇదే ఒడ్డు వెంట ఉత్తరంగా పోతే మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు అక్కడ నిలబెట్టిన శాసనస్తంభం 1244 నాటిది. తుపానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవాళ్ళనీ, తాను సుంకం తప్ప చిల్లిగవ్వ తాకననీ ఆ రాజు రాతి మీద మాట ఇచ్చాడు. మాట కింద సుంకాల పట్టీ. చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాది, దంతం, ముత్యాలు! ఒక్కొక్క పేరూ చదువుతుంటే రాయికి వాసన పుడుతుంది. ఆ తుపానులు మా చలికాలపు తుపానులే కదా. అలల మీద బోల్తాపడ్డ పెట్టె పగిలి, ఉప్పునీళ్ళలో కర్పూరం తెట్టె కట్టి, ఆ ఉదయం జాలరి పల్లెకి గాలి ఎలా వీచి ఉంటుందో ఊహించి ఊహించి నాకు తనివి తీరదు. తర్వాతి కాలంలో కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు దీవిదీవి నుంచీ పరిమళద్రవ్యాలు తెప్పించింది అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆ సుగంధాల సెట్టికే. శివుడి కథ వినడానికి కర్పూరం అమ్మేవాడిని మించిన తగినవాడు ఎవరుంటారు! బూడిద పూసుకునే దేవరకు బొట్టు బొట్టుగా గుబాళించే నేస్తం.

ఇంకా వెనక్కి పోనా? 1780ల్లో నెల్లూరు దాపున ఒక రైతు నాగటికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండ నిండా రోము చక్రవర్తుల బంగారు నాణేలు. రెండో శతాబ్దపు మొహాలు, నిన్న ముద్ర వేసినట్టు మెరిసే మొహాలు. మన మిరియాలకూ మన నూలుకూ మన సుగంధాలకూ రోము బంగారం తూర్పుకి కారిపోతోందని అక్కడి ప్లినీ ముసలాయన అంతకు ముందే లెక్క వేసి మరీ వాపోయాడు. ఏ సరుకు కిందికి ఆ కుండెడు బంగారం వచ్చిందో మన్ను చెప్పదు. బంగారం మట్టిలో మిగిలింది, పరిమళం గాలిలో కలిసింది. ఎవరు లాభపడ్డారో తేల్చమని నన్నడిగితే, కళ్ళు మూసుకుని ముంజెయ్యి ముక్కుకి ఆనించి, రోమువాడే అంటాను.

మరి మాకు అడవి లేదా? పడమటి అంచున వెలిగొండలున్నాయి, నీలంగా, నిబ్బరంగా, ఎండకి నెర్రెలిచ్చిన రాతి ఒడిలో ఎర్రచందనాన్ని కాపాడుకుంటూ. ప్రపంచంలో ఇంకెక్కడా తనంత తాను పెరగని చెట్టు అది, మా తూర్పుకనుమల దక్షిణపు కొసల్లో తప్ప. గుండెను కోస్తే నెత్తురు రంగు. దొంగ గొడ్డలికి బలై, రాత్రుల్లో లారీలెక్కి, సముద్రాలు దాటిపోయే చెట్టు. కానీ దాని దుంగని కౌగిలించుకుని ఎంత గాఢంగా పీల్చినా వాసన రాదు. పేరుకే చందనం. శ్రీగంధంతో చుట్టరికమూ లేదు, చిక్కుడు కుటుంబపు బిడ్డ. అంత అందానికి గొంతు ఇవ్వలేదు దేవుడు. నిన్ను పూసుకుని ఆ కొండల వైపు చూసినప్పుడల్లా, షమామా, దాని తరపున నువ్వు మాట్లాడుతున్నావనిపిస్తుంది. అందుగు బంకా గుగ్గిలమూ కన్నీరై కారే ఆ అడవుల మూగ దుంగకు, గంగ ఒడ్డు నుంచి వచ్చిన నువ్వు గొంతు అరువిచ్చావు.

తూర్పున మరో అడవి ఉంది, మనిషి నాటిన అడవి. విడవలూరు దాటి రామతీర్థం దిక్కుగా పోతే ఇసుక మీద వరసలు వరసలుగా సరుగుడు తోటలు. పందొమ్మిదో శతాబ్దంలో మదరాసు రైలింజన్ల పొట్ట నింపడానికి ఈ తీరాన నాటడం మొదలైన చెట్టు, ఇప్పుడు కాగితం మిల్లుల పొట్ట నింపుతోంది. దూరం నుంచి చూస్తే దేవదారు చెల్లెలనిపిస్తుంది. సూదుల్లాంటి రెమ్మలు, కింద జారిన సూదుల మెత్తని పరుపు, పైన ఎడతెగని నిట్టూర్పు. దేవదారుకి అది ఏమీ కాదు. మంచు మొహం ఎరగదు, ఉప్పుగాలి తాగి పెరిగింది. అయినా డిసెంబరు పొద్దున, సముద్రం మీద నుంచి పొగమంచు ఆ తోటలోకి చొరబడి, సూది సూదికీ ఒక చుక్క వేలాడదీసి, వెలుగు ఏటవాలుగా దిగే వేళ, నిన్ను ముంజేతిన ధరించి ఆ వరసల మధ్య నడిచి చూడాలి. తోటకి లేని వాసన నువ్వు ఇస్తావు, నీకు లేని చెట్లు తోట ఇస్తుంది. రెండు అబద్ధాలు చేతులు కలిపి ఒక నిజం అవుతాయి. కళ్ళు మా తీరంలో, ఊపిరి మంచుకొండల్లో, కాళ్ళు మెత్తని ఇసుకలో, నాలుక మీద కొంచెం ఉప్పు. ఏ శీతదేశపు వాడికీ ఈ చలికాలం దొరకదు. ఇది కోవూరువాళ్ళకి మాత్రమే మొలిచే అడవి.

ఎండెక్కుతుంది. నువ్వు దిగుతావు, అడుగుకి, పునాదికి, చందనానికి. నీకు ఆదీ అంతమూ అదే. వచ్చిన మూలికలన్నీ ఒక్కొక్కటే సెలవు తీసుకుంటుంటే, వచ్చినవాళ్ళందరినీ సాగనంపి ఆఖర్న గుమ్మంలో నిలబడే ఇంటి పెద్దలా చందనం మిగులుతుంది. పాలలా నునుపు, వెన్నలా నెమ్మది. శ్రీగంధపు చెట్టు ఒంటరిగా బతకలేదు, తెలుసా? మన్నులో దాని వేళ్ళు పక్క చెట్ల వేళ్ళను వెతుక్కుంటూ పోయి, తాకి, కరిచి పట్టుకుని, వాటి నీరూ సారమూ తాగుతాయి. ఆకుపచ్చని ఆకులుండీ ఒకరి ఆసరా లేనిదే నిలవలేని చెట్టు. అలా అరువు తాగి తాగి, ఇరవై ముప్పై ఏళ్ళకి గుండెలో చేవ కట్టుకుంటుంది. ఆ చేవలో, ఆ వేళ్ళలో తైలం. అందుకే గంధపు చెట్టుని నరకరు, వేళ్ళతో సహా పెకలిస్తారు. బతికినంతకాలం పక్కవాళ్ళ మీద బతికిన చెట్టు, చచ్చాక పక్కవాళ్ళందరికీ పంచుతుంది.

నీదీ అదే వరస. నువ్వూ ఒంటరిగా బతకలేవు. బుడ్డిలో ఉన్నంతసేపూ నువ్వు రాతిలో నిద్రపోయే దేవతవి, మూత తీసి చూస్తే మందుల కొట్టు ఘాటు తప్ప ఏమీ లేదు. ఒంటి మీద వాలాకే నీకు ప్రాణప్రతిష్ఠ. నా రక్తపు వేడిలోకి నీ వేళ్ళు దిగుతాయి, నా చెమట ఉప్పుని తాగుతాయి, నా నడక వేగాన్నీ నా కోపాన్నీ నా సిగ్గునీ తాగుతాయి. అందుకే ఒకే బుడ్డిలోంచి మా అక్క పూసుకుంటే నువ్వు తీపి, నేను పూసుకుంటే పొగ, మా మామయ్య చెవిలో దూది పింజెగా కూర్చుంటే పాత గ్రంథం. చలి అడవివని మేం నిన్ను పిలుచుకుంటాం గానీ, ఒంట్లో వేడి లేనిచోట నువ్వు లేవు. శీతాకాలం అనేది బయట ఎక్కడా ఉండదనీ, వెచ్చని చర్మం మీద మాత్రమే దానికి రూపు వస్తుందనీ నేర్పినదానివి నువ్వే.

ఒక మాట కోపంగా చెప్పి ముందుకి పోతాను. నీ పేరు చెప్పి బజారులో అమ్మే దాంట్లో నువ్వు లేని బుడ్లే ఎక్కువ. చందనం ధర ఆకాశానికి లేచాక అడుగున చందనానికి బదులు పారాఫిన్ నూనె పోస్తున్నారు, పైన ఫ్యాక్టరీ వాసన. అది చేతికి తగలగానే అరుస్తుంది, అరగంటకి జిడ్డు మిగిల్చి మాయమవుతుంది. నువ్వు అరవవు. పూసినవాడికి ముందు వినపడవు కూడా. తెల్లారి పూసుకున్నదాన్ని మర్చిపోయి, మధ్యాహ్నం అన్నం కలుపుతూ చెయ్యి పైకెత్తినప్పుడు ఉలిక్కిపడేలా చేస్తావు. స్ప్రే కొట్టుకుని వచ్చేవాళ్ళ వాసన వాళ్ళకన్నా ముందు గదిలోకి వస్తుంది. నువ్వు మనిషి వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుంటావు.

గంధానికి కులగోత్రాలు లేవనే మాట మా జిల్లాలో ఊరికే అనలేదు. పెన్నకి అవతల, స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా. మొహర్రం నెలలో రొట్టెల పండుగ. నీళ్ళలో దిగి కోరిక రొట్టె పట్టేవాళ్ళు, కోరిక తీరి రొట్టె వదిలేవాళ్ళు, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. ఆ పండుగలో ఒక రాత్రి గంధపు రాత్రి. బిందెల్లో గంధం ఊరేగింపుగా వస్తుంది, జనం సముద్రమై లేస్తుంది, చిటికెడు తడిగంధం కోసం చేతులు పద్మాల్లా విచ్చుకుంటాయి. ఆ చేతుల్లో సగం చేతులు మర్నాడు జొన్నవాడ కామాక్షమ్మకి కుంకుమ పెట్టే చేతులు. ఆ పండుగ బజార్లో తులం బుడ్లు పరుచుకుని కూర్చున్న అత్తరు సాయిబు గాజు పుల్లని నా చేతి మీద గీసి, "ఇప్పుడు చూడొద్దు భాయ్, ఊరికి పొయ్యి చూడు" అన్నాడు. అమ్మేవాడు అంత తొందరలేని మాట అనడం నేను వినడం అదే మొదలు. సాయంత్రం బస్సు పెన్న వారధి ఎక్కుతుండగా కిటికీ గాలికి చెయ్యి చాపాను. నది మీది గాలి నిన్ను చూసింది, నువ్వు నదిని చూశావు. ఆనాటి నుంచి నీకు నేను దాసుణ్ణి.

మా వీధిలో నీకు ఇంకా పూర్తిగా ఆమోదం లేదనుకో. పక్కింటి పెద్దమ్మ ధనుర్మాసపు ముగ్గులో గొబ్బెమ్మ పెడుతూ తలెత్తి, "ఏందిరా అబ్బయా ఈ వాసన? దేవుడికి సాంబ్రాణి వేసినావా, పెళ్ళికి పోతుండావా?" అంటుంది. రెండూ కాదు పెద్దమ్మా, అడవికి పోతున్నానంటాను. "అడివికి చెప్పుల్లేకుండా పోతుండావే" అని నవ్వి, ముగ్గు చేత్తోనే నా ముంజెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని, ఆవిడ కూడా ఒక్క ఘడియ కళ్ళు మూసుకుంటుంది. తర్వాత ఒప్పుకోదు. ఒప్పుకోనక్కర్లేదు. నా చేతి మీద ఆవిడ వేళ్ళ ముగ్గు, ఆవిడ వేళ్ళకి నా చేతి నువ్వు.

ఇక భోగి. చీకటి ఉండగానే వీధి మధ్య మంట లేచింది. తాటిమట్టలు చిటపటమంటున్నాయి, విరిగిన మంచం కోళ్ళు ఎర్రగా నవ్వుతున్నాయి, పిల్లలు కేకలు, డప్పు ఒకటి ఎక్కడో దరువు అందుకుంది. తలంటు నూనె, ఆవుపేడ, కొత్త బట్ట గంజి, తాటాకు పొగ, అన్నీ కలిసి కోవూరు తన అత్తరు తాను కాచుకుంటోంది, మూత లేని డేగ్‌లో, గొట్టం లేని బట్టీలో, ఎవరికీ గుట్టు లేని పాకంలో. ఈ సభకి నువ్వు రాకపోతే ఎలా? లేవవే షమామా, మొహమాటపడకు. చలికాలపు ఆఖరి కట్టె ఇది, దీని తర్వాత రేపటి నుంచి ఎండ మెడ సాచుతుంది. అదిగో పిల్లలు పిడకల దండలు తెచ్చి మంటలో విసురుతున్నారు. కన్నౌజు బట్టీలో నీ కింద రాజుకున్నదీ పిడకే, చుట్టాన్ని పలకరించు. చెయ్యి చాపుతున్నాను, పద, ఇంకా దగ్గరికి పోదాం.